జాబితాలో లేని ఇల్లు

"ప్రభుత్వం ఇచ్చేది ఇస్తోంది. అందినవాళ్లు దేవునికి స్తోత్రం చెప్పుకుంటున్నారు. మధ్యలో ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని లెక్కలు తీయడం విశ్వాసులకు ఎందుకు బాబూ?" ఈ మాట నేను చాలామంది పెద్దల నోట విన్నాను. వాళ్ల మనసులో ఉన్నది కుడిచేయి చేసేది ఎడమచేయికి తెలియకూడదన్న ప్రభువు బోధ. దానం మీద లెక్కాపత్రం పెడితే అది దానం కాకుండా పోతుందని వాళ్ల భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. కానీ ఆ బోధ ఇచ్చేవాని గొప్పల గురించి. ఇచ్చింది చేరిందా లేదా అని చూడవద్దని అందులో ఎక్కడా లేదు.

లెక్క చూసిన సందర్భం మన గ్రంథంలోనే ఉంది. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం తీయండి. యెరూషలేము సంఘంలో విధవరాండ్రకు రోజూ ఆహారం పంచేవారు. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడం లేదని సణుగు మొదలైంది. అప్పుడు పన్నెండుగురు ఏం చేశారో చూడండి. రుజువులు తెమ్మనలేదు. "మొత్తం మీద పంపిణీ బాగానే ఉంది కదా, కొద్దిమంది గొడవెందుకు" అనలేదు. శిష్యులందరినీ పిలిచి, పని చూడడానికి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఈ పేర్లు ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు ఏ వైపు నుంచి వచ్చిందో, పంపిణీ పెత్తనం ఆ వైపువాళ్ల చేతిలోనే పెట్టారన్నమాట. చాలామంది వ్యాఖ్యాతలు గమనించిన సంగతే ఇది. కానీ ప్రభుత్వ పథకాల గురించి మాట్లాడేటప్పుడు మనకు గుర్తుకు రాదు.

నేను తాయిఫ్‌లో డేటా పని చేసుకుని బతికేవాణ్ణి. పగలంతా డ్యాష్‌బోర్డులు చూస్తాను. ఆకుపచ్చ అంటే బాగున్నట్టు, ఎరుపు అంటే బాగాలేనట్టు. ఆ రంగుల వెనక ఎవరు ఏం లెక్కపెట్టారు, ఎవరిని లెక్కలోంచి తీసేశారు అన్నది చూపించమని అడిగేవాళ్లు తక్కువ. మా రాష్ట్రాల్లో కుటుంబాలకు, పిల్లలకు అందే పథకాల సంగతి ఆలోచించినప్పుడు కూడా నాకు ఆ ప్రశ్నే వస్తుంది. ఒక పథకం "పనిచేసింది" అని ఎవరు చెప్పాలి? ఎవరిని అడిగి చెప్పాలి?

బాగా జరిగిన ఉదాహరణతోనే మొదలుపెడతాను. ఎందుకంటే ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక, అది నా ఉద్దేశం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బునూ, సామాజిక పింఛన్లనూ వేలిముద్ర స్మార్ట్‌కార్డుతో ఇచ్చే పద్ధతి తెచ్చారు. 8 జిల్లాల్లో దాన్ని ఒకేసారి అన్నిచోట్లా పెట్టే వీలు లేదు. ఏ మండలాలకు ముందు, ఏవాటికి తరువాత? కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి, ఆ వరసను లాటరీ పద్ధతిలో తేల్చారు. 112 మండలాలకు ముందు వచ్చింది, పోలిక కోసం చూసిన 45 మండలాలకు చివర వచ్చింది. పేదల మీద చీట్లు వేయడమేమిటి అని కొందరికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎలాగూ అందరికీ ఒకేసారి ఇవ్వలేనప్పుడు, ఎమ్మెల్యే మండలానికి ముందు ఇవ్వడం కంటే చీటీ న్యాయం కాదా? మత్తీయను ఎన్నుకున్నప్పుడు అపొస్తలులూ చీట్లే వేశారు.

రెండేళ్ల తరువాత రెండు రకాల మండలాల్లోనూ ఇళ్లకు వెళ్లి అడిగి పోల్చారు. కార్డు వచ్చిన చోట కూలి డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది, పేదలు పథకానికి దూరమైన ఆనవాళ్లు కనబడలేదు. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. అంతకంటే నాకు ముఖ్యమనిపించిన సంగతి మరొకటి ఉంది. ఒక దశలో ప్రభుత్వం ఈ కార్డులను ఎత్తేయాలన్న ఆలోచనకు వచ్చింది. కింది నుంచి వచ్చే కబుర్లన్నీ వ్యతిరేకంగా ఉండడమే కారణం. ఆ కబుర్లు మోసుకొచ్చేది ఎవరు? పాత పద్ధతిలో చేతులు తడిసినవాళ్లకు కార్డు నచ్చదు, వాళ్లకు పై అధికారిని కలిసే దారి ఉంది. కూలి సకాలంలో అందుకున్న మనిషి కలెక్టరాఫీసుకు వెళ్లి "బాగుందయ్యా" అని చెప్పడు, తట్టా పారా తీసుకుని పనికి పోతాడు. లబ్ధిదారులను ఇంటింటికీ వెళ్లి అడిగితే నూటికి తొంభై మందికి పైగా కొత్త పద్ధతే మేలన్నారు. ఎత్తేయకుండా ఆపిన వాటిలో ఆ సర్వే కూడా ఒకటి. కాబట్టి లెక్క తీయడం పేదవానికి శత్రువు కాదు. కొన్నిసార్లు గొంతు లేనివానికి దొరికే ఒకే ఒక్క గొంతు అదే.

అయితే అక్కడ ఒక చిన్న ఏర్పాటు ఉంది. కార్డు లేనివాళ్లకు కూడా డబ్బు ఇవ్వడం ఆపలేదు. వేలిముద్ర పడకపోతే వేరే దారి ఉంచారు. తరువాత అదే ముగ్గురు జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేయడాన్ని పరిశీలించారు. అక్కడ కారిపోవడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, ఆధార్ జతపడని ఇళ్లకు మాత్రం అందేది తగ్గింది. రెండు చోట్లా వేలిముద్ర యంత్రమే. కానీ ఒకచోట అది పేదవానికి డబ్బు చేర్చే దారిగా ఉంది, రెండోచోట గుమ్మంలో కావలివాడిగా నిలబడింది.

ఇక తెలంగాణ సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నా వృత్తికి దగ్గరిది కనుక.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే ఒక్క రోజులో జరిగింది. ఆ రోజు ఇంట్లో లేకపోతే పథకాలు పోతాయేమోనని ఎక్కడెక్కడి వాళ్లో బస్సులు పట్టుకుని ఊళ్లకు చేరిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఏ బస్సు ఎక్కాలి? ఇళ్లవాళ్లు ఫోన్ చేసి "నీ పేరు రాయించమంటావా, వద్దంటావా" అని అడిగిన మాటలు ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తరువాతి సంవత్సరాల్లో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వచ్చింది. వాహన రిజిస్ట్రేషన్లు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు లాంటి వేర్వేరు శాఖల జాబితాలను కలిపి, ఏ పేరు ఏ పేరుతో సరిపోతుందో కంప్యూటరే పోల్చి, ఫలానా ఇంటికి కారు ఉంది, ఫలానా ఇల్లు రేషన్‌కు అర్హం కాదు అని సూచించే అల్గోరిథం అది. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి.

పేరుతో పేరు కలపడం అంటే ఏమిటో గల్ఫ్‌లో బతికే తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు మరొకచోట. ఇఖామాలోకి వచ్చేసరికి వరస మారిపోతుంది. అరబీలో "ప" లేదు, కాబట్టి ప్రసాద్ కాస్తా బ్రసాద్ అవుతాడు, పద్మ బద్మ అవుతుంది. ఇంటి దగ్గర కూడా అంతే. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కపెట్టండి. పెళ్లికి ముందు తండ్రి పేరు, తరువాత భర్త పేరు. ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు పదిమంది. ఇలాంటి జాబితాల్లో "వీళ్లిద్దరూ ఒకరే" అని తేల్చే ప్రోగ్రాము రాసినవాళ్లెవరైనా, అది ఎప్పుడూ సరైనదే చెబుతుందని ప్రమాణం చేయరు. ఇంత శాతం నమ్మకంతో చెబుతున్నాను అని మాత్రమే చెబుతుంది.

ఇక్కడ చిన్న గుణకారం. అల్గోరిథం నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చెబుతుందనుకోండి. మా రంగంలో అది మెచ్చుకోదగ్గ ఫలితం, డ్యాష్‌బోర్డు మీద ఆకుపచ్చ. సుమారు కోటి ఇళ్లున్న రాష్ట్రంలో మిగిలిన ఒక్క శాతం అంటే లక్ష ఇళ్లు. (తొంభై తొమ్మిది గొర్రెలు భద్రంగా ఉన్నాయని ఆ కాపరి కూడా నివేదిక పంపి పడుకుని ఉండవచ్చు.) ఒక ఇంటికి కార్డు పోవడం అంటే ఏమిటి? అప్పట్లో తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం, కిలో రూపాయి చొప్పున. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. అంతటితో ఆగదు. అదే కార్డు ఆరోగ్యశ్రీకి కూడా ఆధారం. బియ్యం పోయిన సంగతి ఆ నెలలోనే తెలుస్తుంది. వైద్యం పోయిన సంగతి ఆసుపత్రి బల్ల దగ్గర నిలబడ్డాక తెలుస్తుంది.

హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ దీని మీద కోర్టుకు వెళ్లారు. ముందుగా నోటీసు ఇవ్వకుండా, ఇంటికి వెళ్లి చూడకుండా కార్డులు తీసేశారన్నది ఆయన వాదన. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది. ఆ జూలై నాటికి చూసిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో పదిహేను వేలకు పైగా ఇళ్లు నిజంగా అర్హులేనని తేలింది. మళ్లీ దరఖాస్తు పెట్టుకునే ఓపిక, తెలివిడి ఉన్నవాళ్లలోనే ఇంతమంది. పెట్టుకోని వాళ్లు ఈ లెక్కలోకి రారు.

ఇప్పుడు నైతిక ప్రశ్న. పొరపాట్లు రెండు రకాలు. అర్హత లేనివానికి ఇవ్వడం ఒకటి, అర్హుడికి ఇవ్వకపోవడం మరొకటి. ఒకదాన్ని తగ్గించబోతే మామూలుగా రెండోది పెరుగుతుంది. వడపోత బిగిస్తే దొంగ కార్డులతో పాటు నిజమైనవీ పోతాయి, వదులు చేస్తే రెండూ ఉంటాయి. ఈ రెండు పొరపాట్ల బరువు ఒకటేనా? కంప్యూటరు ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఎంత బిగించాలి అన్న అంకెను ఎవరో ఒక మనిషి కూర్చుని పెడతాడు, ఆ అంకెలోనే ఆయన జవాబు ఉంటుంది. చాలామందికి దాన్ని నైతిక నిర్ణయంగా చూడాలన్న ఆలోచన కూడా రాదు, సెట్టింగ్ అనుకుంటారు.

నా మటుకు నాకు, రెండూ ఒకటి కావు. కారున్న ఇంటికి నెలకు 24 కిలోల బియ్యం పోతే ఖజానాకు నష్టం, అది కోట్ల మంది మధ్య పంచుకునే నష్టం. వితంతువు ఇంటికి ఆ బియ్యం ఆగిపోతే నష్టమంతా ఒక్క ఇంటి మీద పడుతుంది. పైగా మొదటి పొరపాటు దొరకడానికి అధికారులు, ఆడిట్లు, పక్కింటివాళ్ల ఆకాశరామన్న ఉత్తరాలు ఉన్నాయి. రెండో పొరపాటు బయటపడాలంటే ఆ వితంతువే నోరు తెరవాలి. ఆమె పేరు జాబితాలో లేదు కాబట్టి జాబితా చూసేవాళ్లకు ఆమె కనబడదు.

దీనికి గట్టి ఎదురువాదన ఉంది. ఖజానా డబ్బు ఎవరిదో కాదు, పేదవాడిదే, దొంగ కార్డు తినేది మరో పేదవాని వాటానే అంటారు. నిజమే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పటి నుంచీ, చనిపోయినవాళ్ల పేర్లు, పనికి రానివాళ్ల పేర్లు మస్టర్లలోకి ఎక్కకుండా చూడడం పెద్ద పనే అయింది. దొంగతనం చూసీ చూడనట్టు పోవడం దయ కాదు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేస్తూ, ఎవరూ వేలెత్తి చూపకుండా తీతుకు తోడుగా మరో సహోదరుణ్ణి కూడా పంపాడు. తన మీద తనకు నమ్మకం లేక కాదు.

అయితే దొంగను పట్టే పద్ధతి కూడా రెండు రకాలుగా ఉండవచ్చని ఆంధ్రప్రదేశ్ చూపించింది. అక్కడి సామాజిక తనిఖీలో కూలి కుటుంబాల నుంచి వచ్చిన యువతీయువకులే మస్టర్ రోళ్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి "నీ పేరున ఇన్ని రోజులు పని, ఇంత కూలి అని రాసుంది, నిజమేనా?" అని అడుగుతారు. తరువాత మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ఎదుటే అవన్నీ చదువుతారు. దీనికోసం 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. ఇక్కడ అనుమానం పేదవాని మీద కాదు, కాగితం మీద. రుజువు చేసుకోవలసింది కూలి కాదు, అధికారి. దీని ఫలితాలను పరిశీలించిన ఫర్జానా అఫ్రీది, వేగార్డ్ ఐవర్సన్‌లు మాత్రం మనల్ని మరీ మురిసిపోనివ్వరు. తనిఖీలు మళ్లీ మళ్లీ జరిగినా అవకతవకలు మొత్తం మీద తగ్గలేదనీ, సులువుగా దొరికేవాటి నుంచి దొరకని రకాలకు జరిగాయనీ వాళ్లు చూశారు. దొరికినవాడికి శిక్ష పడకపోతే వేదిక మీద చదివినా, చెట్టుకింద చదివినా ఒకటే.

యంత్రంతో పట్టే ప్రయత్నం ఇంకోటి. 2023 జనవరి నుంచి ఉపాధి పనిచోట హాజరును ఫోన్ యాప్‌లో ఫోటోలు తీసి పంపడం తప్పనిసరి చేశారు. 2025 జూలైలో కేంద్ర మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకు రాసింది: సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారు, ఫోటోను ఫోటో తీసి పంపుతున్నారు అని. మోసం చేయదలచినవాడు యాప్‌ను రెండు రోజుల్లో నేర్చుకుంటాడు. సిగ్నల్ లేని గుట్ట మీద పనిచేసే ముసలమ్మ నేర్చుకోలేదు.

అంగన్‌వాడీల సంగతి క్లుప్తంగా. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఇవాళ ఐదు దశాబ్దాలు దాటింది. నెలనెలా బిడ్డను తూచి, బరువును చార్టులో గుర్తుపెట్టడం అందులో ప్రధానమైన పని. ఆ గుర్తు తల్లికీ టీచరుకూ సాయపడే ఉపకరణంగా ఉన్నంతకాలం నిజం చెబుతుంది. ఎరుపులో ఉన్న పిల్లలు ఎక్కువైతే టీచరుకే మందలింపు అనే రోజు వచ్చిందా, పిల్లవాడి బరువు పెరగకపోయినా గుర్తు పైకి జరుగుతుంది. చిత్రంగా అదే 1975లో చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త డబ్బు విధానం గురించి దాదాపు ఇదే మాట అన్నాడు. అంకెను పట్టుకుని మనుషులను నడపబోతే ఆ అంకె పాత అర్థం కోల్పోతుందని. కాబట్టి ఎరుపు చూపించిన టీచరును మెచ్చుకునే అధికారి ఎక్కడున్నాడు అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న.

గల్ఫ్ కుటుంబాల మాట కూడా చెప్పాలి, మనలో చాలామంది ఆ ఇళ్లవాళ్లమే. 2017 జూలైలో సౌదీలో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్ల రుసుము మొదలై, ఏటా పెరిగి 2020కల్లా 400 అయింది. చాలామంది భార్యాబిడ్డలను ఇంటికి పంపేశారు. అంటే పథకాల వరసల్లో నిలబడేది, సర్వే మనిషికి జవాబు చెప్పేది ఇంటి దగ్గరున్న ఆడవాళ్లూ ముసలివాళ్లే. "మీ ఆయన సౌదీలో ఉన్నాడుగా, నీకెందుకమ్మా" అన్న మాట వాళ్లకు కొత్త కాదు. సౌదీలో ఉన్నాడన్న ఒక్క గడి ఎంత సంపాదిస్తున్నాడో చెప్పదు, జీతం ఆరు నెలలుగా అందిందో లేదో అంతకన్నా చెప్పదు.

గడులు మనిషి పోయాక కూడా వెంటాడతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షల రూపాయలు ఇస్తుంది, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా. ఎండలో పనిచేసి వచ్చి రాత్రి నిద్రలో గుండె ఆగిన మనిషి కాగితం మీద "సహజ మరణం". ఇంట్లో ఏడుపు ఒకటే, గడి వేరు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. ఎన్నో ఏళ్లుగా అడిగినది, సంతోషించాల్సిన విషయమే. 2023 డిసెంబరు 7 నుంచి జరిగిన మరణాలకు వర్తిస్తుంది. గీత ఎక్కడో ఒకచోట గీయాలి, ఖజానాకు హద్దు ఉంటుంది, నేను కాదనను. కానీ ఈ సాయం ఎలా నడిచింది అని రేపు లెక్క తీసేవాళ్లు, అందుకున్న కుటుంబాల సంఖ్యతో పాటు, డిసెంబరు 6న భర్తను పోగొట్టుకున్న ఇంటికీ వెళ్లాలి. వాళ్లకు డబ్బు ఇవ్వడానికి కాకపోయినా, ఆ గీత ఎవరి గుమ్మం మీదుగా పోయిందో రాసుకోవడానికి.

తాయిఫ్‌లో మా ఆఫీసులోని సౌదీ మిత్రులు ప్రతి నెలా 10వ తేదీన ఫోన్ చూసుకుంటారు. 2017 డిసెంబరులో మొదలైన సిటిజన్ అకౌంట్ సాయం ఆ రోజు పడుతుంది. అనర్హులని తేలినవాళ్లు అక్కడే అభ్యంతరం పెట్టుకునే వీలుంది. ఆ వ్యవస్థ అంతా న్యాయమని చెప్పడానికి నాకు ఆధారం లేదు, మనం దాని లబ్ధిదారులమూ కాదు. కానీ "కాదు" అన్న జవాబు పక్కనే "ఎందుకు కాదు" అని అడిగే చోటు ఉండాలన్న ఆలోచన నాకు నచ్చింది. మన దగ్గర ఆ చోటు వెతుక్కుంటూ ఒక మనిషి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

ప్రభుత్వాలకు ఇవి చెప్పే స్థాయి మనకు లేదు అంటారేమో. సరే, మన సంఘాల్లో ఏటా పేద పిల్లల ఫీజులకూ, విధవరాండ్ర వైద్యానికీ ఇచ్చే నిధులున్నాయి కదా. వార్షిక నివేదికలో ఎంతమందికి ఇచ్చామో ఫోటోలతో వేస్తాం. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని కాదన్నాం, ఎందుకు కాదన్నాం అనే మూడు వరసలు దాని కింద వేయడానికి ఖర్చేమీ లేదు. కాదన్న ఇళ్లలో ఏడాదికి నాలుగింటికి, కమిటీలో లేని ఇద్దరు సహోదరీలు వెళ్లి రావచ్చు. వచ్చే మార్చి నివేదికకు ఇంకా సమయం ఉంది. పాత దరఖాస్తులు ఏ బీరువాలో ఉన్నాయో ముందు కనుక్కోవాలి.